వాన అక్కడ... జ్వరం ఇక్కడ

దుబాయ్‌లో వానాకాలం అనేదే లేదు. ఏడాది మొత్తమ్మీద పడేవి నాలుగు చినుకులు, అవీ ఎక్కువగా చలికాలంలోనే. 2024 ఏప్రిల్ 16న రోడ్లన్నీ చెరువులైన ఆ రోజును పక్కన పెడితే వరద అనే మాటే మనకు ఇక్కడ గుర్తురాదు. నల్లాల్లో వచ్చే నీళ్లు చాలావరకు సముద్రం నుంచి తోడి, ఉప్పు వేరుచేసి, శుద్ధి చేసి పంపినవి. అది చాలదన్నట్టు తాగడానికి విడిగా క్యాన్లు తెప్పించుకుంటాం. మురుగు కలిసిన నీళ్లతో, శుభ్రత లేని తిండితో వచ్చే టైఫాయిడ్‌కి ఇలాంటి దేశంలో సీజన్ ఏముంటుంది?

ఉంది. పద్నాలుగేళ్లుగా ఇక్కడ ఉంటూ గమనించిన సంగతి ఇది. మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఏటా సెప్టెంబర్ మొదట్లో ఎవరో ఒకరు "పిల్లాడికి నాలుగు రోజులుగా జ్వరం దిగట్లేదు, దగ్గర్లో మంచి డాక్టర్ ఎవరండీ?" అని అడుగుతారు. ఆ కిందే మరొకరు "మా పాపకీ అంతే" అంటారు. ఎమిరేట్స్‌లో మన టైఫాయిడ్ సీజన్‌ని నిర్ణయించేది స్కూలు క్యాలెండర్.

లెక్క చాలా సులువు. ఇక్కడి స్కూళ్లకి జులై, ఆగస్టు నెలల్లో సెలవులు. ఎండకి తాళలేక, అమ్మమ్మా నాయనమ్మలని చూపించినట్టూ ఉంటుందని అందరం ఒక్కసారే విమానం ఎక్కుతాం. మనం దిగేసరికి అక్కడ వానలు మొదలై ఉంటాయి. బోనాలు, శ్రావణ మాసం పెళ్లిళ్లు, వరలక్ష్మీ వ్రతాలు, గృహప్రవేశాలు అన్నీ ఆ రెండు నెలల్లోనే. ప్రయాణం దగ్గరపడ్డ చివరి వారంలో అయితే పూటకో ఇంట్లో భోజనం, సాయంత్రమైతే బండి దగ్గర పానీపూరీ. టైఫాయిడ్ క్రిమి ఒంట్లోకి వెళ్లాక జ్వరం బయటపడటానికి మామూలుగా ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. అంటే ఊళ్లో తిన్నది ఊళ్లో ఉండగా బయటపడదు. పిల్లలు కొత్త యూనిఫాం వేసుకుని స్కూలు బస్సు ఎక్కే రోజుల్లో బయటపడుతుంది.

తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రభుత్వాలు ఏటా వానలు మొదలవగానే 'సీజనల్ వ్యాధులు' అని ప్రకటనలు ఇస్తాయి. డెంగీ, మలేరియాతో పాటు టైఫాయిడ్ కూడా ఆ జాబితాలో ఉంటుంది. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ముందు ఆ నెలల్లో ఓపీ క్యూ ఎలా ఉంటుందో హైదరాబాద్ వాళ్లకి చెప్పక్కర్లేదు. 2022 జులైలో తెలంగాణ ప్రజారోగ్య సంచాలకుడు టైఫాయిడ్ కేసులు పెరగడానికి పానీపూరీ కూడా ఒక కారణమని చెబితే టీవీల్లో రెండు రోజులు అదే చర్చ. నవ్వుకున్నాం కానీ, ఆయన చెప్పింది తప్పేమీ కాదు. పానీపూరీలో వేయించిన పూరీ తప్పు చేయదు, అందులో పోసే నీళ్లే చేస్తాయి.

వానకి, నీటికి ఉన్న ముడి పైపుల్లో ఉంది. మన ఊళ్లలో నల్లా ఇరవై నాలుగు గంటలూ రాదు. రోజు విడిచి రోజు, గంటో గంటన్నరో వస్తుంది. నీళ్లు ఆగిపోగానే పైపులో ఒత్తిడి పడిపోతుంది. ఎక్కడ పగులు ఉంటే అక్కడి నుంచి చుట్టూ ఉన్న తడి లోపలికి ఊరుతుంది. ఎండాకాలంలో చుట్టూ పొడి మట్టి ఉన్నచోట పెద్ద ప్రమాదం ఉండదు. వానాకాలంలో అదే మట్టి పక్కనున్న మోరీ నీళ్లతో నానిపోయి ఉంటుంది. హన్మకొండలో మా అమ్మ వాన పడిన మర్నాడు మొదటి రెండు బిందెలు వాకిట్లో పారబోసేది. ఎందుకని అడిగితే "మబ్బు నీళ్లు" అనేది. ఆవిడకి ఒత్తిడి, పగులు సిద్ధాంతం తెలియదు. రంగు తెలుసు.

అలాగని వానల్ని మాత్రమే అనుమానిస్తే పొరపాటు. హైదరాబాద్ భోలక్‌పూర్‌లో తాగునీటిలో మురుగు కలిసి ప్రాణాలు పోయింది 2009 మే నెలలో, ఎర్రటి ఎండల్లో. గుంటూరు ఆనందపేట ప్రాంతంలో అలాంటి ఘోరమే జరిగింది 2018 మార్చిలో. ఆ రెండూ అతిసారం కేసులే కానీ దారి ఒకటే, అదే పైపు. పాకిస్తాన్‌లోని సింధ్‌లో టైఫాయిడ్ వానల కన్నా ముందే, వేసవి వేడిలోనే పెరగడం మొదలవుతుంది. దాహం ఎక్కువై ఎక్కడపడితే అక్కడ నీళ్లు, ఐసు వేసిన షర్బత్‌లు తాగడం అందుకు ఒక కారణం. ఢిల్లీ, కఠ్మాండు వైపు వానాకాలపు పెరుగుదల కొండలా స్పష్టంగా కనిపిస్తుంది. భూమధ్యరేఖ వైపు దిగేకొద్దీ ఆ హెచ్చుతగ్గులు తగ్గుతాయని పరిశోధకులు చెబుతున్నారు. మన తెలుగు నేల మధ్యలో ఉంది. అందుకని సంక్రాంతికి వారం రోజులు వెళ్లొచ్చేవాళ్లు 'మాది జనవరి కదా' అని నిశ్చింతగా ఉండటానికి లేదు.

"ఎక్కడికి వెళ్లొచ్చారు?"

రెండేళ్ల కిందట మా పెద్దమ్మాయికి వచ్చింది. అప్పుడు తనకి తొమ్మిదేళ్లు. ఊరి నుంచి వచ్చిన పదకొండో రోజు సాయంత్రం ఒళ్లు కాలింది. దగ్గు లేదు, జలుబు లేదు. పొద్దున కాస్త తగ్గినట్టుండి, సాయంత్రానికి నిన్నటి కన్నా ఒక మెట్టు పైకి ఎక్కేది. అన్నం వద్దంటుంది, కడుపునొప్పి అంటుంది. మా కుటుంబం గ్రూపులో వైద్య సలహాలకి కొదవ ఉండదు కదా. వరంగల్‌లో మెడికల్ షాపు ఉన్న మా బాబాయి ఫోన్ చేసి, "ఇంత దానికి డాక్టరెందుకురా, మొన్న మీ పెట్టెలో పెట్టిచ్చిన స్ట్రిప్ ఉంది గదా, పూటకొకటి వెయ్యి" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. మేం క్లినిక్‌కే వెళ్లాం.

అక్కడి పిల్లల డాక్టరమ్మ కేరళ ఆవిడ. థర్మామీటర్ పెట్టకముందే అడిగిన మొదటి ప్రశ్న, "సెలవులకి ఎక్కడికి వెళ్లొచ్చారు?" రెండో ప్రశ్న, "ఇంట్లో ఏమైనా యాంటీబయాటిక్ వేశారా?" వేయలేదనగానే ఆవిడ ముఖంలో కనిపించిన తేలిక నాకు ఇప్పటికీ గుర్తే. మలేరియా, డెంగీ పరీక్షలు కూడా రాశారు. ఎమిరేట్స్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే మలేరియా లేని దేశంగా ప్రకటించింది, కానీ మనం వెళ్లొచ్చిన ఊళ్లని ప్రకటించలేదు కదా! ఆ తర్వాత బ్లడ్ కల్చర్‌కి రక్తం తీసి, పాపని వార్డులో చేర్చుకుని, సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు.

ఈ బ్లడ్ కల్చర్ గురించి కొంచెం చెప్పాలి. రక్తంలో ఉన్న క్రిమిని సీసాలో పెంచి, అది ఫలానాదని గుర్తుపట్టి, ఏ మందుకి చస్తుందో ఏ మందుకి చావదో విడివిడిగా చూసే పరీక్ష ఇది. రెండు మూడు రోజులు పడుతుంది. నిజంగా టైఫాయిడ్ ఉన్నవాళ్లలో కూడా నూటికి అరవై మందిలోనే దొరుకుతుంది. ముందే యాంటీబయాటిక్ మింగి వెళ్తే ఆ అవకాశం ఇంకా తగ్గిపోతుంది. అందుకే ఆవిడ ఆ రెండో ప్రశ్న అడిగారు. మన ఊళ్లలో టైఫాయిడ్ అనగానే రాసే వైడాల్ పరీక్ష 1896 నాటిది. అది క్రిమిని చూడదు, క్రిమి మీద ఒంట్లో పుట్టిన ప్రతిరక్షకాల్ని చూస్తుంది. ఎప్పుడో వచ్చి తగ్గిన జ్వరానికీ, వేరే క్రిములకీ, ఒక్కోసారి టీకాకీ పాజిటివ్ అంటుంది. 'వైడాల్‌లో కొంచెం టైఫాయిడ్ ఉందన్నారు' అనే మాట మన ఇళ్లలో ఎంత వింటామో! కొంచెం టైఫాయిడ్ అనేది ఉండదు. పైగా ఏ మందు పనిచేస్తుందో వైడాల్ చెప్పలేదు.

మూడో రోజు రిపోర్టు వచ్చింది. మందుల పేర్లు వరుసగా, ప్రతిదానికి ఎదురుగా 'పనిచేస్తుంది' లేదా 'పనిచేయదు' అనే గుర్తు. సెఫ్ట్రియాక్సోన్ పనిచేస్తుంది. అజిత్రోమైసిన్ పనిచేస్తుంది. పాతకాలపు క్లోరాంఫెనికాల్, ఆంపిసిలిన్ కూడా పనిచేస్తాయి. సిప్రోఫ్లోక్సాసిన్ పనిచేయదు. మా బాబాయి పెట్టెలో పెట్టిచ్చింది సిప్రోఫ్లోక్సాసినే.

మందు సరైనదే అయినా జ్వరం వెంటనే దిగలేదు. ఐదో రోజు దాకా సాయంత్రమైతే 102 డిగ్రీలు. మా ఆవిడ బెంబేలెత్తిపోయి మందు మార్చమని అడిగింది. టైఫాయిడ్‌లో సరైన మందు పడ్డాక కూడా నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం పట్టడం మామూలేనని డాక్టరమ్మ నచ్చజెప్పారు. ఆరో రోజు దిగింది. మనవాళ్లు మూడో రోజుకే ఈ డాక్టర్ని వదిలి ఆ డాక్టర్ దగ్గరికి, ఆ మందు వదిలి ఈ మందుకి మారిపోయేది సరిగ్గా ఈ మధ్య రోజుల్లోనే.

మందులు ఒక్కొక్కటే చేజారిన కథ

మా నాయనమ్మ కాలంలో దీన్ని సన్నిపాత జ్వరం అనేవాళ్లట. ఇరవై ఒక్క రోజుల జ్వరం అనీ అనేవాళ్లు. మందు లేదు కాబట్టి లంఖణమే పరమౌషధం. మూడో వారంలో పేగుకి చిల్లు పడి మనిషి పోతాడన్న భయంతో బార్లీ నీళ్లు, సగ్గుబియ్యం జావ తప్ప ఏమీ పెట్టేవాళ్లు కాదు. ఆ భయం ఉత్తది కాదు, పేగు చిల్లుపడటం ఈ జబ్బులో నిజంగానే జరుగుతుంది. కానీ తిండి మాన్పించడం వల్ల మనిషి ఇంకా నీరసించిపోయేవాడు.

1948లో క్లోరాంఫెనికాల్ వచ్చి ఆ కథని మార్చేసింది. 'క్లోరోమైసిటిన్ గొట్టం మాత్రలు' అంటే మన పెద్దవాళ్లకి ఇప్పటికీ గుర్తుంటుంది. వారాల తరబడి మంచం పట్టాల్సిన మనిషి రోజుల్లో లేచి కూర్చునేవాడు. ఆ వైభోగం పాతికేళ్లు కూడా నిలవలేదు. 1972లో ఒకపక్క మెక్సికోలో, ఇంకోపక్క మన పొరుగునే కేరళలోని కోజికోడ్‌లో, ఆ మందుకి లొంగని టైఫాయిడ్ ప్రబలింది. కోజికోడ్ వైద్య కళాశాలకి చెందిన జయరామ్ పణిక్కర్, విమల ఆ ఏడాదే 'నేచర్' పత్రికలో దాని గురించి రాశారు. ఆ నిరోధకత ఒక క్రిమి నుంచి మరో క్రిమికి పాకగలదని కూడా వాళ్లు చూపించారు. 1980ల చివరికల్లా క్లోరాంఫెనికాల్, ఆంపిసిలిన్, కోట్రైమోక్సజోల్ మూడూ ఒకేసారి పనిచేయని క్రిములు దక్షిణాసియా అంతా పాకాయి. అప్పుడు డాక్టర్లు సిప్రోఫ్లోక్సాసిన్ అందుకున్నారు. ఆ మందు చౌక, మాత్ర రూపంలో ఉంటుంది, త్వరగా తగ్గిస్తుంది. నా ఇంజనీరింగ్ రోజుల్లో హాస్టల్లో ఎవరికి విరేచనాలైనా, జ్వరమైనా, గొంతునొప్పైనా సిప్రోనే. అలా వాడితే ఏమవుతుందో అదే అయింది. భారత వైద్య పరిశోధన మండలి ఏటా ఇచ్చే నివేదికల్లో సిప్రోకి సరిగ్గా లొంగని టైఫాయిడ్ క్రిములు ఇప్పుడు నూటికి తొంభై పైనే.

నిరోధకత ఎలా పాకుతుందో నా వృత్తి భాషలో చెబితే ఇలా ఉంటుంది. సిప్రో విషయంలో క్రిమి తన సొంత కోడ్‌లో ఒకటి రెండు అక్షరాలు మార్చుకుంది, అంతే. తర్వాతి తరాలన్నీ ఆ మార్పుతోనే పుడతాయి. పాత మూడు మందుల విషయంలో జరిగింది వేరు. నిరోధక జన్యువులన్నీ ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చక్రంలో కట్టగట్టి ఉంటాయి. పెన్‌డ్రైవ్ లాంటిదనుకోండి. ఒక క్రిమి దాన్ని పక్క క్రిమికి, అది వేరే జాతిదైనా సరే, ఇచ్చేయగలదు. మన పేగుల్లో మామూలుగా ఉండే ఇ.కోలై నుంచి టైఫాయిడ్ క్రిమి ఇలా కాపీ చేసుకోగలదు. అంటే జలుబుకి అనవసరంగా వేసుకున్న యాంటీబయాటిక్ మన కడుపులోని ఇ.కోలైని రాటుదేలిస్తే, ఆ విద్య ఏదో ఒకరోజు టైఫాయిడ్ క్రిమి చేతికి చేరవచ్చు.

ఒక మంచి కబురు కూడా ఉంది. వాడకం తగ్గేసరికి పాత మందులకి లొంగే క్రిములు ఇండియాలో మళ్లీ పెరిగాయి. మా అమ్మాయి రిపోర్టులో క్లోరాంఫెనికాల్ ఎదురుగా 'పనిచేస్తుంది' అని ఉండటం అందుకే. మా నాయనమ్మ ఉండుంటే నవ్వేది.

రెండు హైదరాబాద్‌లు

మా ఆఫీసులో నా పక్క టీమ్‌లో ఒకాయన ఉన్నాడు. చేరిన కొత్తలో మీదే ఊరంటే "హైదరాబాద్" అన్నాడు. నేను సంబరపడి ఏ ఏరియా అని అడిగాను. ఆయనది సింధు నది ఒడ్డున ఉన్న హైదరాబాద్. అప్పటి నుంచి మా ఇద్దరికీ అదొక పరాచకం, ఎవరి బిర్యానీ అసలుదని.

ఆ హైదరాబాద్‌లోనే 2016 నవంబర్‌లో వైద్యులు ఒక కొత్త రకం టైఫాయిడ్‌ని గుర్తించారు. పాత మూడు మందులకీ లొంగదు, సిప్రోకీ లొంగదు, చివరి కోటలా ఉన్న సెఫ్ట్రియాక్సోన్‌కీ లొంగదు. ఇ.కోలై నుంచి సంపాదించిన ఒక ప్లాస్మిడ్ దానికి ఆ చివరి విద్య నేర్పింది. మాత్రల్లో ఇక మిగిలింది అజిత్రోమైసిన్ ఒక్కటే. అదీ పనిచేయకపోతే ఆసుపత్రిలో ఉండి ఎక్కించుకునే కార్బాపెనెమ్ ఇంజెక్షన్లే దిక్కు. 2018 డిసెంబర్ నాటికి సింధ్‌లో నమోదైన 8,188 టైఫాయిడ్ కేసుల్లో 5,274 ఈ రకానివేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఎక్కువ భాగం కరాచీలో. దుబాయ్ నుంచి కరాచీ రెండు గంటల ప్రయాణం. ఆ క్రిమి బ్రిటన్, అమెరికా, కెనడాలకి కూడా ప్రయాణికులతోనే వెళ్లింది.

దాన్ని అడ్డుకోవడానికి పాకిస్తాన్ ఎంచుకున్న టీకా ఎక్కడిదో తెలుసా? మన హైదరాబాద్‌ది. జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారుచేసిన టైప్‌బార్ టీసీవీ. ఆరు నెలల పిల్లలకి కూడా పనిచేసే, ఒక్క డోసుతో సరిపోయే కాంజుగేట్ టీకా. ఆక్స్‌ఫర్డ్‌లో వాలంటీర్లకి ఈ టీకా ఇచ్చి, ఆ తర్వాత టైఫాయిడ్ క్రిమిని గ్లాసులో కలిపి తాగించి మరీ పరీక్షించారు. అలా తాగడానికి ముందుకొచ్చినవాళ్ల ధైర్యానికి దండం పెట్టాలి. నేపాల్, బంగ్లాదేశ్, మలావీల్లో పిల్లల మీద జరిగిన పెద్ద పరీక్షల్లో దాదాపు 80 శాతం రక్షణ కనిపించింది. 2017 డిసెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ఆమోదించింది. 2019 ఆగస్టులో భారత్, పాకిస్తాన్ మధ్య వాణిజ్యం ఆగిపోయింది. అదే ఏడాది నవంబర్‌లో సింధ్‌లో 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలకి ఈ టీకా వేయడం మొదలైంది. దీన్ని మామూలు టీకాల పట్టికలో చేర్చిన మొదటి దేశం పాకిస్తానే. హైదరాబాద్‌కే చెందిన బయలాజికల్ ఇ సంస్థ టీకా టైఫిబెవ్ 2020లో రెండోదిగా ఆమోదం పొందింది. నా సహోద్యోగి కూతురికి కరాచీలో పడింది మన ఊరి టీకానే. బిర్యానీ పందెంలో ఆయన వెనక్కి తగ్గలేదు కానీ, ఆ ఒక్క విషయంలో నాకు టీ ఇప్పించాడు.

పొంగిపోయి ఆపేస్తే సగం కథే చెప్పినట్టు. అదే హైదరాబాద్ శివార్లలో, పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల వ్యర్థ జలాలు శుద్ధయ్యాక బయటికొచ్చే నీళ్లని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించింది. 2007లో వచ్చిన ఆ పరిశోధన ప్రకారం లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉంది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే దానికన్నా ఎక్కువ. ఆ నీళ్ల వల్లే టైఫాయిడ్ మొండికేసిందని నేను అనను, అలా అనడానికి ఆధారం లేదు. సిప్రో నిరోధకత మనుషుల్లో వాడకంతోనే పెరిగింది. కానీ ప్రపంచానికి టీకా ఇచ్చిన ఊరే వాగులో యాంటీబయాటిక్ కూడా కలిపింది. ఊరి మీద ప్రేమ ఉన్నవాళ్లం రెండూ చెప్పుకోవాలి.

ఇండియాలో ఇప్పటికైతే సింధ్ తరహా పరిస్థితి లేదు. సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్ ఎక్కువ మందికి పనిచేస్తున్నాయి. అయితే నాలుగు దక్షిణాసియా దేశాల నుంచి 2014, 2019 మధ్య సేకరించిన 3,489 క్రిముల జన్యుక్రమాలని చదివిన ఒక అంతర్జాతీయ అధ్యయనం 2022లో వచ్చింది. నిరోధక టైఫాయిడ్ రకాలు 1990 నుంచి దాదాపు 200 సార్లు దేశాల సరిహద్దులు దాటాయని అది లెక్కగట్టింది. అజిత్రోమైసిన్‌కి లొంగని రకం బంగ్లాదేశ్‌లో ఇప్పటికే బయటపడింది. కోవిడ్ రోజుల్లో మనం ఆ మందుని పిప్పర్‌మెంట్లలా చప్పరించాం. దాని బిల్లు ఇంకా పూర్తిగా రాలేదని నా అనుమానం.

అందుకే ఇక్కడి డాక్టర్‌కి 'వెకేషన్‌కి వెళ్లొచ్చాం' అని చెబితే సరిపోదు. ఏ దేశం, ఏ ఊరు, ఏ తేదీన తిరిగొచ్చారు అన్నది చెప్పాలి. ఇండియా నుంచి వచ్చిన జ్వరానికి మొదలుపెట్టే మందు, పాకిస్తాన్ నుంచి వచ్చిన జ్వరానికి మొదలుపెట్టే మందు ఒకటి కాకపోవచ్చు. అక్కడే మందు వాడి వచ్చుంటే ఆ చీటీ, లేకపోతే ఖాళీ స్ట్రిప్ అయినా చూపించాలి. ఎమిరేట్స్‌లో యాంటీబయాటిక్ చీటీ లేకుండా అమ్మకూడదు. అబుధాబిలో 2010 నుంచే మందులకి లొంగని క్రిముల మీద నిఘా ఉంది, తర్వాత అది దేశమంతటికీ విస్తరించింది. మనం సూట్‌కేసులో పచ్చళ్ల సీసా పక్కన పెట్టుకొచ్చే స్ట్రిప్పులు మాత్రం ఏ లెక్కలోకీ రావు.

ఈ అలవాటు ఫ్లాట్లలో ఉండే మాలాంటి వాళ్ల కన్నా క్యాంపుల్లో ఉండే అన్నదమ్ముల్లో ఎక్కువ. దానికి కారణాలు వేరు. సోనాపూర్‌లోనో, ముసఫ్ఫాలోనో ఒక గదిలో ఆరుగురెనిమిదిమంది ఉండే జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వాళ్లకి ఒకరోజు డ్యూటీ పోతే జీతం కోత. డాక్టర్ దగ్గరికి వెళ్తే ఖర్చు, పైగా 'మెడికల్‌లో ఫెయిల్ చేసి పంపించేస్తారేమో' అనే భయం. మా తెలుగు సంఘం వాళ్లతో శుక్రవారాలు క్యాంపులకి వెళ్లినప్పుడు ఈ మాట ఎన్నోసార్లు విన్నాను. వీసా మెడికల్‌లో చూసే హెచ్‌ఐవీ, క్షయ లాంటివి వేరు, టైఫాయిడ్ నయమయ్యే జ్వరం. ఆసుపత్రి ఆరోగ్య శాఖకి తెలియజేయడం జబ్బు మరొకరికి పాకకుండా చూడటానికే. 2025 జనవరి 1 నుంచి షార్జా, అజ్మాన్ సహా అన్ని ఎమిరేట్స్‌లోనూ ప్రైవేటు కార్మికులకి, ఇంటి పనివారికి ఆరోగ్య బీమా తప్పనిసరి అయింది. ప్రాథమిక ప్యాకేజీ ఏడాదికి 320 దిర్హాములు, కట్టాల్సింది యజమాని. ఆ కార్డు ఎలా వాడాలో తెలియక పర్సులో పెట్టుకు తిరుగుతున్నవాళ్లు ఇంకా ఉన్నారు. మీకు తెలిసినవాళ్లుంటే ఒకసారి కూర్చోబెట్టి చెప్పండి.

గది మెస్‌లో వంటచేసే మనిషి సంగతి కూడా ఉంది. టైఫాయిడ్ తగ్గినవాళ్లలో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురిలో క్రిమి పిత్తాశయంలో తిష్ఠ వేస్తుంది. వాళ్లకి జ్వరం ఉండదు, నీరసం ఉండదు, కానీ మలంలో క్రిమి పోతూనే ఉంటుంది. వందేళ్ల కిందట న్యూయార్క్‌లో మేరీ మాలన్ అనే వంటమనిషి ఇలాగే ఇల్లు మారినప్పుడల్లా జ్వరం పంచింది. ఆమెని ఏళ్ల తరబడి దీవిలో బంధించారు, పాపం ఆమెకి ఒక్కరోజూ జ్వరం లేదు. దుబాయ్‌లో హోటళ్లలో ఆహారం ముట్టుకునేవాళ్లకి ఆరోగ్య పరీక్ష, హెల్త్ కార్డు తప్పనిసరి. గదుల్లో వంతులవారీగా వండుకునేవాళ్లకి అలాంటి కార్డు ఉండదు. ఉన్నదల్లా సబ్బు ఒక్కటే.

టీకా విషయానికి వస్తే, ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు వేయించుకోవాలి. విమానం ఎక్కే ముందురోజు వేయించుకుంటే అక్కడ దిగేసరికి రక్షణ తయారవదు. జులై మొదట్లో టికెట్లు ఉన్నవాళ్లకి జూన్ మధ్యలోపే పని కావాలి. పాత రకం పాలీశాకరైడ్ టీకా అయితే రెండు మూడేళ్లకోసారి మళ్లీ అవసరం, రెండేళ్ల లోపు పిల్లలకి పనికిరాదు. కాంజుగేట్ టీకాకి ఆ ఇబ్బంది లేదు. మీ క్లినిక్‌లో ఏది ఉందో అడిగి తెలుసుకోండి. ఇండియాలో పుట్టి పెరిగాం, మాకు అలవాటే అనుకునే మన వయసువాళ్లు పిల్లలతో పాటు తమ సంగతీ అడగడం మేలు. ఇక్కడి క్యాన్ నీళ్లు పద్నాలుగేళ్లు తాగిన కడుపు అది. ఈ టీకాలు పారాటైఫాయిడ్‌ని ఆపవు కాబట్టి మరిగించిన నీళ్లు, వేడివేడి తిండి అన్న జాగ్రత్త ఎలాగూ తప్పదు.

ఈ ఏడాది మా టీకాలు జూన్ 10న. మా బాబాయికి ముందే ఫోన్ చేసి చెప్పాను, పెట్టెలో స్ట్రిప్పులు వద్దని. "సరేలేరా, ఆ జాగాల సకినాలు పెడతా" అన్నాడు.